పోలీసుల చేతిలో మన డీఎన్ఏ: మళ్లీ మళ్లీ అడుగుతున్న ప్రశ్నలు

క్రిమినల్ కేసులు చూసే అడ్వకేట్‌గా కోర్టు వరండాలో, న్యాయ సహాయ శిబిరాల్లో నన్ను జనం అడిగే ప్రశ్నలు ఇవి. "మా వాడి రక్తం తీసుకెళ్లారు సార్, ఇక మా ఇంటిల్లిపాదీ కంప్యూటర్లోకి ఎక్కినట్టేనా?" అని ఒక తల్లి అడిగితే నిలబడి రెండు మాటల్లో జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజే ఇవన్నీ రాసి పెట్టాలనుకున్నాను.

నా అభిప్రాయం దాచుకోను. అత్యాచారం, హత్య చేసినవాణ్ని పట్టుకోవడానికి డీఎన్ఏ అంత గట్టి సాధనం ఇంకొకటి లేదు. నేరం రుజువు కాని మనిషి ఒంటి సమాచారాన్ని ప్రభుత్వం దశాబ్దాల తరబడి అట్టిపెట్టుకోవడం మాత్రం తప్పు. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదివినా అర్థమయ్యేలా రాశాను.

## ముందు అసలు సంగతి

డీఎన్ఏ డేటాబేస్‌లో ఏముంటుంది? మన జబ్బుల వివరాలు కూడా తెలిసిపోతాయా?

రెండు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి శాంపిల్, అంటే రక్తం చుక్క, చెంప లోపల తిప్పిన దూది పుల్ల, వెంట్రుక కుదురు. రెండోది ప్రొఫైల్, అంటే ఆ శాంపిల్ నుంచి ల్యాబ్ తీసిన అంకెల వరుస. డీఎన్ఏలో కొన్నిచోట్ల చిన్న ముక్కలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి, అవి ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెడతారు. అమెరికాలో ఇప్పుడు 20 చోట్ల లెక్కపెడుతున్నారు. కంప్యూటర్లో ఉండేది ఈ అంకెలే. వాటిని చూసి షుగర్ ఉందో లేదో ఎవరూ చెప్పలేరు.

శాంపిల్ సంగతి వేరు. ఫ్రీజర్‌లో ఉన్న ఆ రక్తాన్ని రేపు ఎవరైనా పూర్తిగా చదివితే వంశపారంపర్య జబ్బులు, తండ్రి ఎవరు, పూర్వీకులు ఎక్కడివాళ్లు, అన్నీ బయటికొస్తాయి. అందుకే ప్రొఫైల్ తీశాక శాంపిల్‌ను ఏం చేస్తారన్నది నేను ముందు అడిగే ప్రశ్న.

మన దేశంలో డీఎన్ఏ డేటాబేస్ ఉందా, లేదా?

దానికంటూ ప్రత్యేక చట్టం లేదు. డీఎన్ఏ టెక్నాలజీ బిల్లును 2019 జులైలో లోక్‌సభలో పెట్టారు. జాతీయ, ప్రాంతీయ డీఎన్ఏ బ్యాంకులు, ఒక నియంత్రణ బోర్డు అందులో ఉన్నాయి. జైరాం రమేశ్ అధ్యక్షతన ఉన్న పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని పరిశీలించి 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. దళితులు, ఆదివాసీలు, ముస్లింల మీద ఇది దుర్వినియోగం కావచ్చన్న ఆందోళనతో హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ, కేరళకు చెందిన బినోయ్ విశ్వం అసమ్మతి పత్రాలు ఇచ్చారు. 2023 జులైలో ప్రభుత్వం ఆ బిల్లునే వెనక్కి తీసుకుంది.

ఈలోగా 2022లో క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం వచ్చింది. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం స్థానంలో తెచ్చిన ఇది ఆ ఏడాది ఆగస్టు 4 నుంచి అమల్లో ఉంది. వేలిముద్రలు, ఐరిస్‌తో పాటు "జీవ నమూనాలు, వాటి విశ్లేషణ" కూడా సేకరించి నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరోలో దాచే అధికారం ఇందులో ఉంది. జీవ నమూనాలంటే రక్తం, వీర్యం, లాలాజలం వంటివే. నియంత్రణ బోర్డు ఉన్న బిల్లు పోయింది, బోర్డు ఊసే లేని అధికారం మిగిలింది. నా దృష్టిలో ఇది దొడ్డిదారే.

ఈ విషయంలో హైదరాబాద్ పేరు ఎందుకు వినిపిస్తుంటుంది?

మన దేశంలో డీఎన్ఏ వేలిముద్రల పరీక్ష పుట్టింది ఇక్కడే. కణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ సంస్థలో డాక్టర్ లాల్జీ సింగ్ 1980ల చివర్లో దీన్ని తయారుచేశారు. అందుకు పనికొచ్చిన డీఎన్ఏ ముక్క ఆయనకు అంతకుముందు దొరికింది కట్లపాము జాతి పాములో. ఆ జాతికి శాస్త్రవేత్తలు పెట్టిన 'బంగారస్' అన్న పేరు మన 'బంగారం' నుంచే వెళ్లింది. తర్వాత ఈ పని కోసమే డీఎన్ఏ పరీక్షల కేంద్రంగా సీడీఎఫ్‌డీ సంస్థ ఏర్పడింది. ఉత్తరాది కేసుల శాంపిళ్లు కూడా రైలెక్కి హైదరాబాద్ వచ్చేవి. మాజీ గవర్నర్ ఎన్.డి. తివారీ పితృత్వ వివాదం 2012లో తేలింది కూడా ఇక్కడి నివేదికతోనే.

దీనివల్ల నేరాలు నిజంగా తగ్గుతాయా?

తగ్గుతాయనడానికి ఆధారం ఉంది. డెన్మార్క్ 2005లో తన డేటాబేస్‌ను విస్తరించి, అభియోగం నమోదైనవాళ్లను కూడా చేర్చడం మొదలుపెట్టింది. 2021లో అచ్చైన అధ్యయనం ప్రకారం అలా చేరినవాళ్లు తర్వాతి ఏడాదిలో మళ్లీ నేరం చేయడం 42 శాతం వరకు తగ్గింది. దొరికిపోతామన్న భయం పనిచేసిందన్నమాట. శిక్షపడినవాళ్ల ప్రొఫైళ్లు మాత్రమే ఉంచాలనే నాలాంటివాళ్లకు ఇది ఇబ్బంది పెట్టే ఫలితమే. కానీ దాన్ని పక్కన పెట్టి మాట్లాడటం నిజాయితీ కాదు.

ఇంకో సంగతి. ప్రపంచంలో డీఎన్ఏ మొదటిసారి హత్య కేసులోకి వచ్చినప్పుడు ముందు చేసిన పని ఒక అమాయకుణ్ని విడిపించడం. ఇంగ్లండ్‌లోని లెస్టర్ దగ్గర ఇద్దరు పదిహేనేళ్ల అమ్మాయిల హత్యల్లో, పదిహేడేళ్ల కుర్రాడు ఒక హత్యను ఒప్పుకున్నాడు కూడా. డీఎన్ఏ వేలిముద్రల పద్ధతి కనిపెట్టిన శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ చేసిన పరీక్షలో అతను కాదని తేలింది. అసలువాడికి 1988లో శిక్ష పడింది. ఒప్పుకోలు పేరుతో స్టేషన్లలో ఏం జరుగుతుందో చూసినవాణ్ని కాబట్టి, ఈ కేసు నాకు ఎప్పుడూ గుర్తుంటుంది.

## శాంపిల్ అడిగినప్పుడు

చిన్న గొడవ కేసులో అరెస్టయ్యాను. రక్తం ఇవ్వాల్సిందేనా?

2022 చట్టం ప్రకారం అరెస్టయిన ఎవరి 'కొలతలైనా' (వేలిముద్రలు, ఐరిస్, జీవ నమూనాల వంటివి) తీసుకోవచ్చు. జీవ నమూనాల దగ్గర మాత్రం ఒక మినహాయింపు ఉంది. మహిళ మీదో చిన్నపిల్లల మీదో చేసిన నేరం కాకుండా, ఏడేళ్లు లేదా అంతకుమించి శిక్షపడే నేరం కూడా కాకపోతే, రక్తం, లాలాజలం వంటివి ఇవ్వాలన్న నిర్బంధం లేదు. పొలం గట్టు తగాదాలు, చిన్నచిన్న కొట్లాటలు ఎక్కువగా ఈ కోవలోకే వస్తాయి.

ఈ మినహాయింపు సంగతి స్టేషన్లో ఎవరూ వాళ్లంతట వాళ్లు చెప్పరు. మనమే అడగాలి. "ఏ సెక్షన్ కింద తీసుకుంటున్నారు? కాగితం మీద రాసివ్వండి" అని మర్యాదగా అడిగితే తప్పేమీ లేదు. అయితే దర్యాప్తుకు అవసరమని మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇస్తే, ఎవరైనా ఇవ్వాల్సిందే.

ఇవ్వనంటే ఏం చేస్తారు? నాకు వ్యతిరేకంగా నన్నే సాక్ష్యం ఇమ్మనడం రాజ్యాంగానికి విరుద్ధం కాదా?

ఆర్టికల్ 20(3) మన నోటితో మన మీద సాక్ష్యం చెప్పించడాన్ని అడ్డుకుంటుంది. వేలిముద్రలు, చేతిరాత అందులోకి రావని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది. నార్కో పరీక్షలను బలవంతంగా చేయకూడదన్న 2010 నాటి సెల్వి తీర్పు కూడా డీఎన్ఏను భౌతిక సాక్ష్యంగానే చూసింది. కాబట్టి ఆ వాదన ఒక్కటే నిలబడదు.

చట్టం ఇవ్వమన్నచోట అడ్డుకుంటే అది ప్రభుత్వోద్యోగి విధులకు ఆటంకం కలిగించిన నేరం కిందికి వస్తుంది. మూడు నెలల వరకు జైలు, లేదా 2,500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. నిందితుడి వైద్య పరీక్షకు అవసరమైన మేరకు బలం వాడటానికి కూడా బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 51వ సెక్షన్ ఒప్పుకుంటుంది. అది చేయాల్సింది రిజిస్టర్డ్ డాక్టర్. మహిళ అయితే మహిళా డాక్టర్ చేయాలి, లేదా ఆమె పర్యవేక్షణలో జరగాలి.

మొండికేయడం కంటే, ఇస్తూనే అభ్యంతరాన్ని రాతపూర్వకంగా నమోదు చేయించమని నా క్లయింట్లకు చెబుతాను.

మా బస్తీలో కార్డన్ సెర్చ్ పెట్టారు. వరసపెట్టి అందరి దగ్గరా డీఎన్ఏ తీసుకోవచ్చా?

వీల్లేదు. అరెస్టు, శిక్ష, ముందస్తు నిర్బంధం, మంచి నడవడికకు బాండ్ ఇమ్మన్న ఉత్తర్వు, మేజిస్ట్రేట్ ఆదేశం, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. "ఆ వీధిలో ఉంటున్నాడు" అన్నది కారణం కాదు. ఇష్టపడి ఇవ్వమంటే వద్దనే హక్కు ఉంది.

దీని గురించి గట్టిగా మాట్లాడటానికి మన నేల మీదే కారణం ఉంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులని రాసేసింది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం ఆ చట్టం తర్వాతి రూపం కింద ఎరుకల వాళ్లను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటే. చట్టం 1952లో రద్దయినా, ఊరి పేరు చెబితే ఉద్యోగం రాదని బాధపడ్డవాళ్లు ఆ తర్వాతి తరాల్లోనూ ఉన్నారు. పోలీసులు ఎవరిని ఎక్కువగా అరెస్టు చేస్తారో డేటాబేస్‌లో వాళ్లే ఎక్కువగా ఉంటారు. తర్వాత ఎప్పుడు వెతికినా వాళ్ల పేర్లే ముందు తగులుతాయి.

నేను ఫిర్యాదు చేసినదాన్ని. నా డీఎన్ఏ తీసుకుంటే రేపు నా మీదే వాడతారా?

అత్యాచారం కేసులో బాధితురాలి వైద్య పరీక్షకు ఆమె సమ్మతి తప్పనిసరి. సమ్మతి లేకుండా చేస్తే అది చట్టబద్ధం కాదు. ఆమె శాంపిల్ ఎందుకంటే, దొరికిన మరకల్లో ఆమె డీఎన్ఏ ఏదో, ఎదుటివాడిది ఏదో వేరు చేయడానికి.

మీ భయం ఉత్తి భయమేమీ కాదు. 2022లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయటపడింది: అత్యాచారం కేసులో ఒక మహిళ ఇచ్చిన డీఎన్ఏను పోలీసులు ఏళ్ల తర్వాత ఒక ఆస్తి నేరం కేసులో ఆమెనే పట్టుకోవడానికి వాడారు. విషయం తెలిసి జిల్లా అటార్నీ ఆ కేసు వదిలేశారు. బాధితుల ప్రొఫైల్‌ను వేరే కేసుకి వాడకూడదని మన దగ్గర కూడా చట్టంలో స్పష్టంగా రాయాలి. సమ్మతి పత్రం మీద "ఈ కేసు కోసం మాత్రమే" అని సొంత చేత్తో రాసి సంతకం పెట్టండి. దానికి అర నిమిషం పట్టదు.

శాంపిల్ తీసేటప్పుడు ఏం గమనించాలి?

చెంప స్వాబ్ అయితే కొత్త ప్యాకెట్ మీ ముందే చింపాలి. తీసేవాళ్లు చేతికి గ్లౌజులు వేసుకోవాలి. దూది పుల్లను చెంప లోపలి గోడకు కొన్ని సెకన్లు రుద్ది, గాలికి ఆరబెట్టి, కాగితం కవర్లో పెట్టాలి. తడిదాన్ని ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మకి బూజు పట్టి డీఎన్ఏ పాడైపోతుంది. కవరు మీద పేరు, క్రైమ్ నంబరు, తేదీ, టైమ్ రాయాలి. అతుకు మీద లక్క సీలు వేసి, అదే సీలు ముద్రను ల్యాబ్‌కి పంపే ఉత్తరం మీద కూడా వేస్తారు.

తేదీ, టైమ్ మీరూ ఎక్కడో ఒకచోట రాసుకోండి. నేను చూసిన ఒక కేసులో కవరు మీద ఒక తేదీ, ల్యాబ్ రసీదులో తొమ్మిది రోజుల తర్వాతి తేదీ ఉన్నాయి. మధ్యలో కవరు ఎక్కడుందని అడిగితే సాక్షి బోనులో ఉన్నాయన తల వంచుకున్నాడు.

## ల్యాబ్‌కి వెళ్లాక

డీఎన్ఏ మ్యాచ్ అయ్యిందంటే ఇక కేసు అయిపోయినట్టేనా?

కాదు. ఆ డీఎన్ఏ మనదని మాత్రమే తేలింది. అది అక్కడికి ఎలా వచ్చింది, ఎప్పుడు వచ్చింది అన్నది వేరే సాక్ష్యం చెప్పాలి.

2012లో కాలిఫోర్నియాలో భారత సంతతి వ్యాపారి ఒకరు ఇంట్లో హత్యకు గురయ్యారు. ఆయన గోళ్ల మీద దొరికిన డీఎన్ఏ ఒక నిరాశ్రయుడిదని డేటాబేస్ చెప్పింది. దాదాపు ఐదు నెలలు జైల్లో ఉన్నాక తేలిందేమిటంటే, హత్య జరిగిన వేళకు అతను తాగి పడిపోయి ఆస్పత్రిలో ఉన్నాడు. అతణ్ని ఆస్పత్రికి చేర్చిన అంబులెన్స్ సిబ్బందే తర్వాత హత్యాస్థలికి వెళ్లారు. వాళ్ల ద్వారా అతని డీఎన్ఏ శవం గోళ్ల మీదికి చేరింది.

జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో అయితే నలభై దాకా నేరస్థలాల్లో ఒకే స్త్రీ డీఎన్ఏ దొరికింది. ఏళ్లపాటు ఆమె కోసం వెతికారు. 2009లో బయటపడింది: ఆమె స్వాబ్‌లు తయారైన ఫ్యాక్టరీలో పనిచేసే కార్మికురాలు.

పోలీసులే శాంపిల్ మార్చేస్తే?

ఈ అనుమానాన్ని కోర్టులు తేలిగ్గా తీసుకోవడం లేదు. ఢిల్లీ ఛావ్లాలో ఒక అమ్మాయిని అత్యాచారం చేసి చంపిన కేసులో 2012 ఫిబ్రవరి మధ్యలో సేకరించిన నమూనాలు 27వ తేదీ దాకా స్టేషన్ మాల్ఖానాలోనే (కేసు వస్తువులు దాచే గదిలో) ఉండిపోయాయి. సుప్రీంకోర్టు 2022 నవంబర్‌లో ఉరిశిక్ష పడిన ముగ్గురినీ విడిచిపెట్టడానికి చెప్పిన కారణాల్లో అదొకటి. ఆ అమ్మాయి తల్లిదండ్రుల ముఖాలు టీవీలో చూసినప్పుడు నాకు నోట మాట రాలేదు. అజాగ్రత్త వల్ల నిందితుడికీ, బాధితులకూ న్యాయం జరగకుండా పోతుంది.

2025 జులైలో తమిళనాడు కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. శాంపిల్ సేకరించిన 48 గంటల్లో ల్యాబ్‌కి చేరాలి. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్లిందో రాసే రిజిస్టర్ ఉండాలి, అది కేసు ఫైలులో భాగం కావాలి. విచారణ కోర్టు అనుమతి లేకుండా సీలు విప్పకూడదు. మీ కేసులో ఆ రిజిస్టర్ కాపీ అడగమని మీ లాయర్‌కి చెప్పండి.

మా అన్న డీఎన్ఏ వాళ్ల దగ్గరుంది. దాంతో నన్నూ గుర్తుపట్టొచ్చా?

గుర్తుపట్టొచ్చు. అన్నదమ్ముల ప్రొఫైళ్లలో పోలికలు ఎక్కువగా ఉంటాయి. పూర్తిగా కలవకపోయినా "ఇతని దగ్గరి బంధువు" అన్నంత దాకా వెళ్లొచ్చు.

దూరపు చుట్టాల ద్వారా కూడా సాధ్యమే. కాలిఫోర్నియాను 1970, 80లలో వణికించిన హంతకుణ్ని 2018 ఏప్రిల్‌లో పట్టుకున్నారు. అతను ఏనాడూ తన డీఎన్ఏ ఎవరికీ ఇవ్వలేదు. వంశవృక్షం కోసం దూరపు బంధువులు ఒక వెబ్‌సైట్లో పెట్టుకున్న వివరాలే దారి చూపించాయి. పదమూడు హత్యల కేసు తేలినందుకు సంతోషమే. కానీ ఆ చుట్టాలను ఎవరూ అడగలేదు. ఆ తర్వాతి ఏడాది ఆ వెబ్‌సైట్ నిబంధన మార్చి, ఒప్పుకున్నవాళ్ల వివరాలే పోలీసులకు కనిపించేలా చేసింది. అమెరికాలో ఉంటూ సరదాగా అలాంటి కిట్లు కొనే మనవాళ్లు, మీ ఉమ్మి వెంట మేనమామలు, పెదనాన్న పిల్లలు అందరూ వెళ్తారని గుర్తుంచుకోండి.

## కేసు ముగిశాక

కేసు కొట్టేశారు. నా డీఎన్ఏ వాళ్లంతట వాళ్లే తీసేస్తారా?

ఊరికే కూర్చుంటే తీసేస్తారని నమ్మకండి. 2022 చట్టం రికార్డులను 75 ఏళ్లు ఉంచమంటుంది. పాత శిక్షలేమీ లేని వ్యక్తిని విచారణ లేకుండా వదిలేసినా, డిశ్చార్జ్ చేసినా, నిర్దోషి అని తీర్పు వచ్చినా, అప్పీళ్ల దారులన్నీ ముగిశాక ఆ రికార్డులను నాశనం చేయాలి. నాశనం చేయొద్దనుకుంటే కోర్టు లేదా మేజిస్ట్రేట్ కారణాలు రాసి ఆపొచ్చు.

ఆచరణలో నిబంధనల ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం నియమించిన నోడల్ అధికారికి అర్జీ పెట్టుకోవాలి. ఇంకే కేసుతోనూ సంబంధం లేదని ఆయన తేల్చుకుని నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరోకి సిఫార్సు చేస్తారు. తీర్పు సర్టిఫైడ్ కాపీ, అప్పీలు లేదని చూపే కాగితం జతచేయండి. రసీదు తీసుకోండి. ల్యాబ్‌లో ఉన్న అసలు శాంపిల్‌ను కూడా నాశనం చేయమని అర్జీలో విడిగా రాయండి.

"అప్పీళ్లు ముగిశాక" అన్న మాటే చాలా బరువైంది. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్ విద్యార్థిని హత్య కేసులో 2010లో శిక్షపడిన యువకుణ్ని హైకోర్టు 2017 మార్చి 31న నిర్దోషిగా తేల్చింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. అలాంటి మనిషికి ఒక కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఎక్కడి నుంచి వస్తుంది? తీర్పు వచ్చిన రోజునే కోర్టు నుంచే ఆదేశం వెళ్లాలి.

వేరే దేశాల్లో నిర్దోషుల డీఎన్ఏ ఏం చేస్తున్నారు?

బ్రిటన్ అనుభవం చూడండి. ప్రపంచంలో మొదటి జాతీయ డేటాబేస్ 1995లో అక్కడే మొదలైంది. ఒక దశలో అరెస్టయిన ప్రతివాడి డీఎన్ఏనూ శాశ్వతంగా ఉంచేశారు. దోపిడీయత్నం కేసులో పట్టుబడి నిర్దోషిగా బయటపడ్డ పదకొండేళ్ల పిల్లాడిది కూడా. ఆ కేసు యూరప్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లింది. 2008 డిసెంబర్ 4న పదిహేడు మంది జడ్జీలు ఏకగ్రీవంగా అది తప్పన్నారు. తర్వాత 2012లో చట్టం మార్చి పదిహేడు లక్షలకు పైగా ప్రొఫైళ్లు చెరిపేశారు, డెబ్బై ఏడు లక్షల శాంపిళ్లు నాశనం చేశారు. ఇప్పుడు శాంపిల్‌ను మామూలుగా ఆరు నెలల్లోపు తీసేయాలి. అంత చెరిపేశాక కూడా అక్కడి పోలీసులు డేటాబేస్‌తో కేసులు ఛేదిస్తూనే ఉన్నారు.

## చట్టం ఎలా ఉండాలి

అందరి డీఎన్ఏ తీసుకుంటే గొడవే ఉండదు కదా? తప్పు చేయనివాడికి భయమెందుకు?

కువైట్ ఈ పని చేయబోయింది. 2015 జూన్‌లో మసీదులో బాంబు పేలుడు జరిగాక, పౌరులు, అక్కడ పనిచేసేవాళ్లు, చూడటానికి వచ్చేవాళ్లు అందరూ డీఎన్ఏ ఇవ్వాలని చట్టం చేసింది. ఇవ్వకపోతే ఏడాది జైలు, పదివేల దీనార్ల వరకు జరిమానా. కడప నుంచి, కోనసీమ నుంచి ఇంటి పనికి, డ్రైవర్ పనికి వెళ్లిన మనవాళ్లు కూడా అందులోకి వచ్చేవాళ్లే. 2017 అక్టోబర్‌లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానమే దాన్ని కొట్టేసింది.

తప్పు చేయనివాడికీ భయం ఉంటుంది. ఇంట్లో ఎవరికీ చెప్పని దత్తత, చెప్పుకోలేని జబ్బు, పుట్టుక గురించిన రహస్యం, ఇవేవీ నేరాలు కావు. అవి బయటపడితే మాత్రం కాపురాలు కూలిపోతాయి.

2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది కదా, అది కాపాడదా?

పెద్దగా కాపాడదు. నేరాల నివారణ, దర్యాప్తు కోసం వాడే సమాచారానికి ఆ చట్టంలోనే చాలా మినహాయింపులు ఇచ్చారు. మనకున్న గట్టి అండ 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఇచ్చిన పుట్టస్వామి తీర్పు. గోప్యత ప్రాథమిక హక్కని, దాన్ని తగ్గించాలంటే చట్టం, సరైన కారణం, అవసరానికి మించని పద్ధతి మూడూ ఉండాలని అందులో ఉంది. 2022 చట్టాన్ని ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసినవాళ్లు ఎత్తిచూపింది కూడా గోప్యత హక్కునే.

మీరైతే ఏం కావాలంటారు?

నేరస్థలంలో దొరికిన ప్రొఫైళ్లు కేసు తేలేదాకా ఉండాలి. తీవ్ర నేరాల్లో శిక్షపడినవాళ్లవి ఉండాలి. అరెస్టయినవాళ్లవి విచారణ నడిచినంత కాలం ఉంచి, నిర్దోషి అనగానే అర్జీ లేకుండా పోవాలి. శాంపిల్ ఆరు నెలలు దాటకూడదు. బంధువుల ద్వారా వెతకాలంటే హత్య, అత్యాచారం కేసుల్లోనే, జడ్జి అనుమతితోనే. ఎవరు ఎప్పుడు వెతికారో నమోదు చేసి, పోలీసులు కాని సంస్థ ఏటా తనిఖీ చేయాలి. డెన్మార్క్ ఫలితాలు చూశాక కూడా నేను ఇక్కడే నిలబడతాను. ఎందుకంటే మన దగ్గర కేసు తేలడానికి పట్టే ఏళ్లూ, తప్పుడు అరెస్టులూ అక్కడి లెక్కలో లేవు.

ప్రమాదంలో చనిపోయిన మావాళ్ల కోసం శాంపిల్ ఇచ్చాం. అది నేరాల డేటాబేస్‌లోకి వెళ్తుందా?

వెళ్లకూడదు. 2013లో పాలెం బస్సు మంటల్లో 45 మంది చనిపోయినప్పుడు, 2025 జూన్ 30న పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీ పేలుడు తర్వాత, గుర్తుపట్టలేని దేహాలను ఇంటివాళ్ల రక్తంతోనే పోల్చి అప్పగించారు. తప్పిపోయిన పిల్లల విషయంలోనూ ఇదే దారి. అలాంటి చోట ఇవ్వడానికి వెనకాడకండి. తల్లి, తండ్రి, సొంత పిల్లల శాంపిల్ అయితే పోలిక తొందరగా తేలుతుంది.

ఇచ్చేటప్పుడు ఫారం మీద "మృతదేహం గుర్తింపు కోసం మాత్రమే, పని పూర్తయ్యాక నాశనం చేయగలరు" అని రాయండి. చదువు రాని పెద్దవాళ్లు వేలిముద్ర వేస్తుంటే, పక్కనున్నవాళ్లు ఆ ఒక్క వాక్యం వాళ్ల తరఫున రాసి, చదివి వినిపించి, అప్పుడు వేయించండి. ఫోన్లో ఆ ఫారం ఫొటో తీసి ఉంచండి.